కార్బన్ కాపీ లేని నాటకం

నేను చెబుతున్నాను, పుష్ప టైపు కొడుతోంది. నాకు చదువు రాదు. బొత్తిగా రాదని కాదు. టైపు మిషన్ల అచ్చుల్ని కిరసనాయిల్లో ముంచిన బ్రష్షుతో ఏళ్ల తరబడి తోమాను కాబట్టి ఒక్కొక్క అక్షరం మొహం నాకు తెలుసు. అవి నాలుగు కలిసి మాటయితే మాత్రం ఆ మాట నాకు అందదు. సంతకం పెడతాను, అంతవరకే. అయినా రాయపూర్‌లో రైల్వే కాలనీ పక్క సందులో టైపు షాపు చాలా కాలం నా చేతిమీదుగానే నడిచింది.

ఇప్పుడు మన ఊరు కొత్త రాష్ట్రానికి రాజధాని అయింది. ఆఫీసులు వస్తున్నాయి, వాటి వెనకాలే కాగితాలు, కాగితాల వెనకాలే కంప్యూటర్ బోర్డులు. మా సందులోనే కొత్తగా ఇంకో షాపు వెలిసింది. అందులో పనిచేసే పిల్లలు టీకి వచ్చినప్పుడు, "మౌసీ, మీ జమానాలో పని ఎలా ఉండేది?" అని అడుగుతారు. జమానా సంగతి నాకు తెలీదు. పని సంగతి అడిగితే చెబుతాను. ఎంత సంపాదించాను, ఎవరు సన్మానం చేశారు అనేవి ఇందులో ఉండవు.

స్టేషన్ మాస్టర్ రైలు తోలడు

మాది శ్రీకాకుళం వైపు. పెళ్లయి ఇక్కడికి వచ్చేసరికే మా ఆయన రామ్మూర్తి ఒక గదిలో హిందీ మిషన్లు, ఇంగ్లీషు మిషన్లు పెట్టుకుని కాలనీ పిల్లలకి టైపు నేర్పేవాడు. మిగతా వేళల్లో బయటి పని కొట్టేవాడు. అర్జీలు, అఫిడవిట్లు, ఉత్తరాలు. ఇంట్లో మెత్తనివాడే. షాపులో మాత్రం వేరే మనిషి. నేను చూసిన మొదటి దొర ఆయనే.

ఆయన నియమం ఒకటే. ఎవరి పనైనా సరే, ఒక కార్బన్ కాపీ షాపులో ఉండాలి. పార్టీ వద్దన్నా ఉండాలి. పని తెచ్చేవాళ్లని మేము పార్టీ అంటాం. అలా దాచిన కాపీలతో అటక నిండిపోయి, ఎలుకలు పిల్లలు పెట్టుకునేవి. ఒకసారి నేను విసుగొచ్చి, "ఎవరి ఏడుపో మనమెందుకు దాచుకోవాల?" అన్నాను. "ఆళ్ల దగ్గర పోతాది కాబట్టి" అన్నాడు. ఆ మాట నిజమని తరవాత చాలాసార్లు చూశాను. మనుషులు తమ కాగితాలు తాము దాచుకోరు. పోయాక మన గుమ్మంలోకి వచ్చి నిలబడతారు.

ఆయన కామెర్లతో పోయాడు. పన్నెండో రోజు భోజనాలు కాగానే మరిది నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

"ఒదినా, అచ్చరం ముక్క రాని దానివి, టైపు షాపేటి నడుపుతావు? మిషన్లు అమ్మేసీ."

"స్టేషన్ మాస్టర్ రైలు తోల్తాడేటి? ఎప్పుడు ఎల్లాలో సెప్తాడు. నానూ అంతే."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. మర్నాడు తాళం తీశాను.

చదవకుండా కొట్టేవాడు

కొత్తగా వచ్చేవాళ్లకి ముందు చెప్పవలసింది ఇది. మంచి టైపిస్టు చదవడు. చెవిలో పడిన మాట వేళ్లలోంచి వెళ్లిపోవాలి, మధ్యలో తలలో ఆగకూడదు. ఆగితే వేగం పోతుంది, తప్పు వస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు, సొంత తెలివి వస్తుంది.

కమల అని ఒక పిల్ల ఉండేది. వేళ్లు చాలా వాటం. ఓ రోజు అభన్‌పూర్ నుంచి ఒకతను వచ్చాడు. పుట్టింటికి వెళ్లిపోయిన భార్యకి ఉత్తరం చెప్పాడు. కోపంగా చెప్పాడు. వస్తే రా, లేకపోతే నీ సామాను పంపించేస్తాను, అదీ ఉత్తరం. కమలకి మనసొప్పలేదు. నువ్వు లేక ఇల్లు బోసిగా ఉంది అని ఒక ముక్క తనే కలిపింది. అతనికీ చదువు రాదు, వేలిముద్ర వేసి పట్టుకుపోయాడు. భార్య తిరిగొచ్చింది.

కమల స్వీట్లు పంచింది. మేమంతా తిన్నాం. కొన్నాళ్లకి ఆ మనిషి మళ్లీ వచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టలేదు. బల్ల ముందు కూర్చుని హిందీలో మెల్లిగా అడిగాడు. "అమ్మా, ఆమె రోజూ ఆ ఉత్తరం మాట ఎత్తుతోంది. నువ్వు అప్పుడు అలా అన్నావుగా, ఇప్పుడెందుకు ఇలా ఉన్నావు అంటోంది. నేనేమన్నానో నాకు తెలీదు. ఆమె ఎవరిని నమ్మి వచ్చింది?"

కమల లోపలికి వెళ్లిపోయింది. నేను అటకెక్కి కార్బన్ కాపీ తీసి, ఆ ముక్క ఎక్కడుందో కమల చేతే చదివించి అతనికి వినిపించాను. విన్నాడు. "మంచి మాటే. కానీ నాది కాదు" అని లేచి వెళ్లిపోయాడు. ఆ ఇల్లు నిలబడిందో లేదో నాకు తెలీదు. మేలు చేశాం కదా అని ఆ పిల్ల ఏడ్చింది. మేలే కావచ్చు. కానీ మనుషులు మన దగ్గర మాట ఒప్పజెబుతారు, అది మార్చమని ఒప్పజెప్పరు. ఆ రోజునుంచి మా షాపులో ఆ సంగతి గట్టిగా పట్టుకున్నాం.

కార్బన్ తిరగేసి పెట్టడం గురించి కూడా ఒక మాట. కొత్తవాళ్లందరూ చేసే తప్పే అది. సిరా వైపు పైకి పెడితే రెండో కాగితం తెల్లగా ఉంటుంది, మొదటి కాగితం వెనకాల అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు పడతాయి. ఒక వకీలుగారికి అలా అఫిడవిట్ ఇచ్చాం. ఆయన తిట్టకుండా మా గోడమీది అద్దం ఊడదీసి, దాని ముందు కాగితం పట్టుకుని చదివి, "కాపీ అయితే ఉంది కదా, ఇంకేం కావాలి" అన్నారు. అలాంటి పార్టీలు అరుదు. వాళ్లని చూసి పని నేర్చుకోకండి.

అంతా లోపలే ఉంది

కంప్యూటర్ కొనమని పుష్ప చెవికోసిన మేకలా అరుస్తూ నా చుట్టూ తిరిగింది. కాలనీ పిల్లే, నన్ను పిన్నీ అంటుంది. "పిన్నీ, ఇంకా టక టక కొడుతూ కూర్చుంటే మనల్ని మ్యూజియంలో పెడతారు!" అంది. మిషన్లన్నీ అమ్మాను. హిందీ మిషన్ ఒకటి మాత్రం చెయ్యి రాక ఉంచుకున్నాను.

కంప్యూటర్ పెట్టె బిగించడానికి వచ్చిన మిస్త్రీని మొదటిరోజు నేను అడిగినది ఒకటే. "ఇందులో కార్బన్ ఎక్కడ పెట్టాలి?" షాపులో అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మిస్త్రీ కూడా. "మాతాజీ, సబ్ అందర్ హై" అన్నాడు. అంతా లోపలే ఉందట. నేనూ నవ్వాను. కాగితం లేకుండా కాపీ ఉంటుందంటే నాకూ ముచ్చటేసింది. అటక ఖాళీ అవుతుంది, ఎలుకలు పోతాయి.

తెలుగు అక్షరాల ఫ్లాపీలు హైదరాబాద్ నుంచి తెప్పించాం, ఇక్కడి తెలుగువాళ్ల పెళ్లికార్డుల కోసం. కానీ పుష్ప హిందీ బడిలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది, అప్పటికి చదవడం రాదు. ఆమెకి కూర్చోబెట్టి తెలుగు నేర్పినవారు దానయ్యగారు. గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యారు. నేను గార్డు బాబూ అనేదాన్ని. ఆయన అక్షరాలు ఊరికే నేర్పలేదు.

"గురుదక్షిణ ఉందే పిల్లా. నా నాటకం నువ్వే కొట్టాలి."

"కాగితాలు తేండి తాతయ్యా, కొట్టేస్తాను."

"కాగితాల్లేవు. ఇక్కడుంది" అని నుదురు చూపించారు. ఆయన చేతులు వణికేవి. కలం పట్టుకుంటే గీత ఒకవైపు, చెయ్యి ఒకవైపు. అందుకని రోజూ మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, స్టూలు మీద కూర్చుని చెప్పేవారు. పుష్ప నేరుగా పెట్టెలోకి కొట్టేది. అందని చోట అడిగేది.

"మళ్లీ చెప్పండి తాతయ్యా."

ఆయన వేలు ఎత్తి ఆడించేవారు. "ఒకసారి అన్న మాట రెండోసారి అదే మాట కాదే! మొదటిసారే పట్టుకోవాలి." అని, మళ్లీ చెప్పేవారు. నిజంగానే రెండోసారి కొంచెం వేరేగా వచ్చేది.

ఇద్దరి మధ్య బండెడు బొగ్గు

ఆ నాటకానికి పేరు లేదు. ఆఖరి మాట రాశాక పేరు పెడతానన్నారు. కథ మాత్రం నాకు బాగా పట్టింది. గూడ్సు బండిలో ముందు ఇంజన్లో అన్న, డ్రైవరు. ఆఖరున బ్రేక్‌వ్యాన్‌లో తమ్ముడు, గార్డు. మధ్యలో బండెడు బొగ్గు. ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. తమ్ముడు పచ్చజెండా ఊపితే అన్న కూత వేస్తాడు. వాళ్ల మాటలు అవే. ఇంట్లో వదిన ఒకే కుండలో వండి రెండు క్యారియర్లు కడుతుంది.

మూడో అంకంలో అన్న రిటైరయ్యే రోజు వస్తుంది. ఆఖరి బండి ఆగుతుంది. తమ్ముడు బండి తోకనుంచి నడుచుకుంటూ ఇంజను దాకా వచ్చి అన్నతో ఒక మాట అంటాడు. ఆ మాటతో తెర పడుతుంది.

ఆ ఏడాది తెలుగువాళ్ల సంఘం వార్షికోత్సవానికి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఆడాలని నిశ్చయమైంది. అన్న వేషం జోగారావు, రైల్వేలో గుమాస్తా. తమ్ముడు శ్రీను, భన్‌పురిలో లారీల షెడ్డులో కరెంటు పని చేసేవాడు. వదిన మా పుష్పే.

మా వాళ్ల నాటకాల్లో ఒక పద్ధతి ఉంది. నాటకమంతా ఎవరికీ ఇవ్వరు. ఎవరి మాటలు వాళ్లకి విడిగా రాసి ఇస్తారు. దాన్ని పోర్షన్ అంటారు. ఎదుటివాడి మాటలో చివరి ముక్క మాత్రం ఉంటుంది, అందుకోవడానికి. ఇక్కడ పుట్టిన కుర్రాళ్లు తెలుగు చదవలేరు కాబట్టి మేము పోర్షన్లని తెలుగు మాటలే హిందీ అక్షరాల్లో, మిగిలిన ఆ పాత మిషన్ మీద కొట్టి ఇచ్చేవాళ్లం. మొదటి రెండు అంకాల పోర్షన్లు అలా ఇచ్చేశాం. మూడోది దసరాకి ముందు ముగిసింది. ఆఖరి మాట చెప్పిన మధ్యాహ్నం నేను బయట రిబ్బన్లు తెచ్చినవాడితో తగువు పడుతున్నాను. వినలేదు.

"అచ్చు తియ్యమంటారా తాతయ్యా?" అని పుష్ప అడిగింది.

"పండగ వెళ్లనీ. ఇంకోసారి చదివి వినిపిద్దువుగాని, అప్పుడు తీద్దాం. పోర్షన్లూ అప్పుడే."

సరే అన్నాం. పెట్టెలో ఒకటి, ఫ్లాపీలో ఒకటి ఉన్నాయి కదా.

కుంకుమ

దసరాకి మా షాపులో ఆయుధపూజ చేస్తాం. మా ఆయన కాలంలో మిషన్లన్నీ వరసగా పెట్టి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు చల్లేవాళ్లం. ఇనుప మిషన్ కుంకుమకి చెడదు. మర్నాడు బ్రష్షుతో తోమితే మళ్లీ కొత్తది. ఆ ఏడాది పుష్ప ఎంతో శ్రద్ధగా చేసింది. పెట్టెకి బొట్టు, కీబోర్డుకి బొట్టు, ఫ్లాపీలన్నీ పళ్లెంలో పేర్చి ఒక్కొక్కదానికీ బొట్టు. ఫ్లాపీ అంచున ఉండే రేకు రెక్క జరిపి మరీ పెట్టింది, లోపల తిరిగే బిళ్లకి కూడా దేవుడి దయ తగలాలని. కొబ్బరినీళ్లు నాలుగు చుక్కలు అక్కడా పడ్డాయి. అందరం దణ్ణం పెట్టుకుని తాళం వేసుకుని వెళ్లాం.

ఆ పండగ పూటే గార్డు బాబుకి పక్షవాతం కొట్టింది. కుడి పక్కంతా పడిపోయింది. మాట పోయింది. గొంతులోంచి శబ్దం వస్తుంది, మాటగా విడదు.

షాపు తెరిచిన రోజు పుష్ప కళ్లు తుడుచుకుంటూనే, "పిన్నీ, నాటకం అచ్చు తీసి తీసుకెల్తాను. తాతయ్యకి చదివి ఇనిపిస్తాను" అంది. తెరిచింది. చిన్న తప్పు కనిపిస్తే దిద్ది, దాచమని మీట నొక్కింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. మన రాయపూర్ కరెంటు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. తిరిగొచ్చాక మళ్లీ తెరిస్తే తెరనిండా డబ్బాలు, గీతలు, ఏ భాషా కాని గుర్తులు. నాకు అక్షరాల మొహాలు తెలుసునన్నాను కదా. ఆ రోజు తెరమీద ఒక్కటీ తెలిసిన మొహం లేదు. పుష్ప కిందికి దింపుకుంటూ పోయింది. ఎక్కడో ఒకచోట అన్న అని, ఇంకోచోట తమ్ముడు అని పేర్లు మాత్రం మిగిలాయి. వాళ్లేమన్నారో లేదు.

"ఫ్లాపీ ఉందిగా పిన్నీ, ఫ్లాపీ ఉందిగా" అంటూ పెట్టింది. అది గరగరమని అరిచి ఊరుకుంది. మిస్త్రీని పిలిపించాం. అతను రెక్క జరిపి చూసి, "మాతాజీ, దీనితో హోలీ ఆడారా?" అని హిందీలో అడిగాడు. ఎర్రగా ఉంది లోపలంతా. ఇంకెవరికైనా చూపించమని వేరే దుకాణానికి కూడా పంపాను. వాళ్లూ చేతులెత్తేశారు.

పుష్ప వైపు తిరిగాను.

"నువ్వే కొట్టేవు కదే. గార్డు బాబు ఏటన్నారో గుర్తు తెచ్చుకో" అన్నాను.

"నేదు పిన్నీ. నా వేషం మాటలే నాకు గుర్తు నేవు. వేళ్లమ్మట ఎల్లిపోనాది."

ఆమెని ఏమనగలను? చదవకుండా కొట్టమని నేర్పింది నేనే.

ఒక మాట ఇక్కడ చెప్పి ముందుకెళ్తాను. పని పోయినప్పుడు పార్టీ దగ్గరికి షాపు యజమానే వెళ్లాలి. పనివాళ్లని పంపకూడదు. కంప్యూటర్ తినేసింది, కరెంటు తినేసింది అనకూడదు. మా దగ్గర పోయింది అనాలి. అంతకన్నా పొడుగు మాట అక్కర్లేదు.

మంచం చుట్టూ

గార్డు బాబు భార్య సత్యవతమ్మగారు గుమ్మంలోనే నన్ను ఆపారు.

"ఇప్పుడు చెప్పకు నర్సమ్మా. నిన్నటినుంచే కాస్త గంజి తాగుతున్నారు. కాస్త ఆగి చెప్పొచ్చు."

"ఆగితే ఏమొస్తాదమ్మా? నాటకం ఆడే రోజున సెప్పమంటావా?"

ఆయన నన్ను చూసి ఎడమచెయ్యి చాపారు. కాగితాలు తెచ్చాననుకున్నారు. నా చేతులు ఖాళీగా ఉన్నాయి. నిలబడే చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి, తరవాత గోడవైపు తిరిగారు. నేను వెళ్లలేదు. చాలాసేపటికి ఆయన ఎడమచేత్తో మంచంకోడు మీద ఠక్ అని కొట్టారు. నాకు అర్థం కాలేదు. మళ్లీ అలాగే ఒక్కసారి కొట్టారు. సత్యవతమ్మగారు దగ్గరికొచ్చి, "ఒకసారి కొడితే ఔను, రెండుసార్లు కొడితే కాదు. మేం అలా పెట్టుకున్నాం" అన్నారు.

"అయితే మళ్లీ మొదలెడదాం అంటన్నారా బాబూ?" అన్నాను.

ఠక్.

ఆ ఆదివారం వేషాలు వేసే ముగ్గుర్నీ మంచం చుట్టూ కూర్చోబెట్టాను. మొదటి రెండు అంకాలకి చిక్కు లేదు. ఎవరి పోర్షన్ వాళ్లు చదువుతుంటే ఒకరి మాట తోక ఒకరు అందుకున్నారు, పుష్ప ఒక్కొక్క పేజీ హిందీ మిషన్ మీద కొట్టింది. కార్బన్ పెట్టి కొట్టింది, నేను చూశాను. గార్డు బాబు కళ్లు మూసుకుని విన్నారు. ఎవరైనా మాట మింగితే రెండుసార్లు ఠక్ ఠక్.

మూడో అంకానికి వచ్చేసరికి చేతుల్లో కాగితాల్లేవు. వాళ్ల వేషాలే ఉన్నాయి. జోగారావు అన్నాడు, "రెండు నెలల్నించి ఈ డ్రైవరు నా ఒంట్లో ఉన్నాడు. వాడేం అంటాడో నే చెప్తాను, కాదంటే కొట్టండి గురువుగారూ." అలా మొదలైంది. ఒక్కొక్క మాట వాళ్లు అనడం, ఆయన ఔననో కాదనో కొట్టడం. కాదు ఎక్కువ, ఔను తక్కువ. పుష్ప వదినలా, "ఈ పూట రెండు క్యారియర్లు కట్టలేదు, ఇద్దరికీ ఒకటే ఉంది, ఎవరు తింటారో మీరే చూసుకోండి" అంది. ఆయన కళ్లు తెరిచారు. ఠక్. అది ఆయన రాసిందే అయ్యుండాలని నాకు ఇప్పటికీ అనుమానం. వేళ్లలోంచి పోయిందనుకున్నది ఎక్కడో మిగిలే ఉంటుంది. పుష్పనడిగితే నాకు తెలీదంటుంది.

పోయిన పని మళ్లీ చేస్తే ముందుకన్నా బాగా వస్తుందని ఓదార్చేవాళ్లు ఉంటారు. మీ పార్టీతో ఆ మాట ఎప్పుడూ అనకండి. బాగా రావచ్చు. కానీ అది వేరేది.

కొన్ని ఆదివారాలకి అంకమంతా నిలబడింది. ఆఖరి మాట ఒక్కటే కుదర్లేదు. తమ్ముడు నడిచొచ్చాడు, అన్న ఎదురుగా నిలబడ్డాడు, ఏమన్నాడు?

"అన్నా, నన్ను క్షమించు" అన్నాడు శ్రీను. ఠక్ ఠక్.

"ఇంటికెల్దాం రా అన్నా." ఠక్ ఠక్.

"తప్పు నాదే." ఠక్ ఠక్.

"అరే యార్, తప్పు ఆయనదే అనమంటారా?" ఠక్ ఠక్. అందరం నవ్వాం, ఆయన కూడా, సగం మూతితో.

"మాటెందుకు, పచ్చజెండా ఊపేస్తాను" అన్నాడు శ్రీను. ఈసారి ఆయన చాలా గట్టిగా కొట్టారు, రెండుసార్లు. ఏళ్లపాటు జెండాలే ఊపుకున్నారు కదా, అంత దూరం నడిచొచ్చింది మాట అనడానికే.

టీ పెడుతుంటే వంటింట్లో సత్యవతమ్మగారు నాతో మెల్లిగా అన్నారు. "ఆయనకి ఒక అన్నగారు ఉండేవారు నర్సమ్మా. డ్రైవరే. ఒకే బండి మీద తిరిగేవారు ఇద్దరూ."

"మాటలు నేవా?"

"లేవు. గొడవేమిటో నాకూ చెప్పలేదు. అన్నగారు పోయినప్పుడు ఈయన వెళ్లి కాళ్ల దగ్గర నిలబడి వచ్చారు. అంతే."

నేను టీ గ్లాసులు చేతికి తీసుకున్నాను. తమ్ముడి ఆఖరి మాట నాటకంలోది మాత్రమే కాదని అప్పుడు తెలిసింది నాకు.

బయటికి వచ్చేసరికి శ్రీను విసిగిపోయి ఉన్నాడు. "ఏదో ఒకటి పెట్టేద్దాం పిన్నీ. జనానికి ఏటి తెలుస్తాది? మంచి మాటైతే చప్పట్లు కొడతారు."

నేను వాళ్లకి అభన్‌పూర్ మనిషి ఉత్తరం సంగతి చెప్పాను. మంచి మాటే, కానీ నాది కాదు అన్నాడని.

"మరేం చెయ్యాలి?" అన్నాడు జోగారావు.

"ఖాళీ వదిలెయ్యండి. శ్రీను ఎల్లి నిలబడతాడు. ఊరుకుంటాడు. అంతే."

"నిలబడి ఊరుకుంటే డైలాగు మర్చిపోయాడంటారు! కాలనీ అంతా నవ్వుద్ది. నా పెళ్లిచూపులు కూడా ఉన్నాయి పిన్నీ!"

"నవ్వనీ. గార్డు బాబూ, మీరేమంటారు?"

ఆయన శ్రీను వైపు చూశారు. ఆ కుర్రాడికి ఎంత కష్టమో ఆయనకి తెలుసు. తరవాత మెల్లిగా, ఒక్కసారి కొట్టారు.

హాల్లో

ఇన్‌స్టిట్యూట్ హాలు నిండింది. కాలనీవాళ్లు, ఉక్కు ఫ్యాక్టరీ పనివాళ్ల కుటుంబాలు, తెలుగు రాకపోయినా చుట్టరికం కొద్దీ వచ్చిన ఛత్తీస్‌గఢీవాళ్లు. గార్డు బాబుని చేతుల కుర్చీలో ముందు వరసలో కూర్చోబెట్టాం. ఒకవైపు సత్యవతమ్మగారు, ఒకవైపు నేను. కరపత్రంలో పేరు లేదు, దానయ్యగారి నాటకం అని మాత్రమే వేశాం.

నాటకం బాగానే సాగింది. కూత తెర వెనక జోగారావు కొడుకు వేశాడు. రెండు క్యారియర్ల దగ్గర ఆడవాళ్లు ముక్కు చీదుకున్నారు. ఆఖరి ఘట్టం వచ్చింది. శ్రీను చంకలో చుట్టిన జెండాతో స్టేజీ ఆ చివరనుంచి ఈ చివరకి నడిచాడు. జోగారావు ఎదురుగా ఆగాడు. నోరు తెరిచాడు. ఊరుకున్నాడు.

వెనకనుంచి ఎవరో, "అరే, ప్రాంప్ట్ ఇవ్వండ్రా బాబూ, మర్చిపోయాడు!" అని అరిచారు. నవ్వులు లేచాయి. శ్రీను మెడ ఎర్రబడింది. కానీ పెదవి కదపలేదు. నేను ఆ కుర్రాణ్ని అప్పుడు మెచ్చుకున్నట్టు ఇంకెవర్నీ మెచ్చుకోలేదు. నవ్వు కూడా పలచబడి ఆగిపోయింది. జనం ఎదురుచూడ్డం మొదలుపెట్టారు.

అప్పుడు నా పక్కనుంచి వినిపించింది. గార్డు బాబు గొంతు. కుర్చీలో ముందుకి వంగి, స్టేజీమీది డ్రైవరు వైపు చూస్తూ ఆయన ఒక మాట అన్నారు. పొట్టి మాట కాదు, పొడుగూ కాదు. ఎత్తుకోవడం ఉంది, మధ్యలో ఒక ఆగడం ఉంది, ముగించడం ఉంది. అక్షరాలు మాత్రం విడలేదు. హాలంతా విన్నారు, ఎవరికీ అందలేదు. శ్రీను ఇటు తిరిగి చూశాడు. జోగారావు మాత్రం అర్థమైనట్టు తల పంకించి, తమ్ముడి చంకలోని జెండా తీసుకుని, భుజంమీద చెయ్యి వేశాడు. తెర పడింది.

నేను పనికి అలవాటుపడ్డ మనిషిని. ఆయన చెవి దగ్గరికి వంగాను.

"మళ్లీ చెప్పండి గార్డు బాబూ."

ఆయన నా వైపు తిరిగారు. ఎడమచేతి వేలు ఎత్తి, పుష్ప ముందు ఆడించినట్టే ఆడించారు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, సగం మూతి నవ్వుతోంది.

అందుకని ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇంతే. చెప్పేవాడు ఎదురుగా ఉన్నప్పుడే కాపీ తియ్యండి. పండగ వెళ్లనీ అన్నా తియ్యండి.

పుష్ప వేళ్లు ఆగిపోయాయి. వింటోంది. ఏం పిల్లా, ఇన్నేళ్లకి చదవడం మొదలెట్టావా? కానియ్యి, ఈ ముక్క కూడా కొట్టు. కొట్టి, కరెంటు పోకముందే రెండు కాపీలు తియ్యి.